బోర్డు మీద కొట్టేసిన మూడు మాటలు

ఉద్యోగ సన్నద్ధత కోర్సు నా మెడకు చుట్టుకోవడానికి కారణం నా నోరే. డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలకు దరఖాస్తు ఎలా రాయాలి, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, ఏం మాట్లాడాలి, ఇవన్నీ నేర్పాలని మా కాలేజీకి పైనుంచి ఆర్డరు వచ్చింది. స్టాఫ్ మీటింగులో అందరూ బల్లల వైపు చూస్తూ కూర్చున్నారు. నేను కామర్స్ చెప్పేదాన్ని, నాకేం సంబంధం అని ఊరుకోవచ్చు కదా. "ఇంతమందిమి ఉండి పిల్లలకు నాలుగు మాటలు మాట్లాడటం నేర్పలేమా?" అన్నాను. ప్రిన్సిపాల్ గారు ఆ మాట కోసమే కాచుకున్నట్టు, "అయితే మీరే చూడండమ్మా" అన్నారు. అలా సైకిల్ స్టాండు పక్కన రేకుల గది, చేతికి ఒక అచ్చు పుస్తకం, ఎదురుగా నలభై మంది పిల్లలు నాకు దక్కారు.

ఆ పుస్తకం రాసినవాళ్ళు అనంతపురం ఎండను చూసి ఉండరు. ఇంటర్వ్యూకు మగపిల్లలు కోటు వేసుకుని రావాలని ఉంది అందులో. మా రేకుల గదిలో కోటు వేసుకున్నవాడు ఉద్యోగానికి కాదు, సరాసరి ఆస్పత్రికి పోతాడు. ఆ పేజీ మడిచి పెట్టేశాను. కానీ మడిచి పెట్టలేని ప్రశ్న ఒకటి ఉంది. 'మీకు బాగా వచ్చిన పని ఏమిటి?'

మొదటి రోజే అది అడిగాను. నలభై తలలూ వంగిపోయాయి. ముందు బెంచీలో ఉరవకొండ వైపు నుంచి వచ్చే పిల్లవాణ్ణి లేపాను.

"ఏదో ట్రాక్టరు తోల్తా మేడం, కొంచెం."

"కొంచెం అంటే ఎంత?"

"చేను దున్నుతా. ట్రాలీ తగిలించుకోని ఎనక్కి తోల్తా. నడిమధ్యలో నిలిచిపోతే ఇప్పి సరిచేసుకుంటా."

"ఇంత వచ్చి కొంచెం అంటావేం?"

"పర్వాలేదు మేడం" అని కూర్చున్నాడు.

ఆ వెనకాల తనకల్లు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి. వాళ్ళ నాయన టైలరు. "మా నాయనకు ఏదో కొంచెం సాయం చేస్తా" అంది ఆ పిల్ల. పోయిన రంజాన్‌కు వాళ్ళ వీధిలో ఆడవాళ్ళ బట్టలన్నీ కత్తిరించి కుట్టింది తానేనని పక్కనున్న పిల్ల చెప్తే తెలిసింది. చెప్పినందుకు ఆ పక్కపిల్లకు ఒక గిల్లు కూడా పడింది.

నాకు ముక్కు మీద కోపం. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద మూడు మాటలు రాశాను. ఏదో. కొంచెం. పర్వాలేదు. మూడింటినీ అడ్డంగా కొట్టేశాను. "రేపటినుంచి హాజరు పిలిస్తే ప్రెజెంట్ మేడం అనొద్దు. మీకు బాగా వచ్చిన పని ఒకటి చెప్పండి. ఈ మూడు మాటల్లో ఏది దొర్లినా ఆ రోజు గంట కొట్టేదాకా నిలబడే ఉండాలి" అన్నాను. మరుసటి రోజు బెంచీల మీద కూర్చున్నవాళ్ళు నలుగురే. మిగతా క్లాసంతా బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడే ఉంది.

కోపం చల్లారాక ఆలోచిస్తే నాకే నవ్వొచ్చింది. పిల్లల తప్పేముంది? మా మెట్ట పొలాల వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. పైరు బాగుందని నోటితో అనకూడదు. వేరుశనగ ఊడలు దిగే రోజుల్లో దారిన పోయేవాడెవడైనా గట్టు మీద ఆగి "ఎట్లుండాది అన్నా చేను?" అంటే, చెట్టు నిండా కాయ ఉన్నా సరే "ఏదో ఉండాదిలేప్పా" అనాలి. చూద్దామని ఒక చెట్టు పీకినా, ఎవరైనా వస్తుంటే దాన్ని గబుక్కున ఆకుల కింద దాచేయాలి. బాగుందని అన్నామంటే దిష్టి తగులుతుంది, మబ్బు మొహం చాటేస్తుంది.

ఎనిమిదేళ్ళప్పుడు నేను ఆ తప్పు చేశాను. పక్క ఊరి పెద్దమనిషి మా నాయనను అడిగితే, నాయన నోరు తెరిచేలోపలే "మా చేను శానా బాగుండాది, ఈసారి నాకు కాలిపట్టీలు చేపిస్తారు" అని అరిచాను. "పిల్లది, దానికేం తెల్సులే" అని నాయన నవ్వేశాడు. ఆ ఏడు కాయ ఊరే వేళకు వాన రాలేదు. చేను నిలువునా ఎండింది. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆ దారిన బడికి పోయినప్పుడల్లా అదంతా నా నోటివల్లే జరిగిందనుకునేదాన్ని. తర్వాత చదువుకున్నాను. వాన ఎందుకు వస్తుందో ఎందుకు రాదో నాకు బాగా తెలుసు. తెలిసినా, నాది అనుకున్న దేన్నీ పైకి మెచ్చుకోవడం ఆనాటి నుంచి నా వల్ల కాలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నాలో ముల్లులా ఉండిపోయింది. నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చిన రోజు స్వీట్ల పొట్లం పట్టుకుని ఊరికి పోయాను. బస్సు దిగేచోట నాయన నలుగురితో నిలబడి ఉన్నాడు. వాళ్ళలో ఒకాయన "ఏమప్పా, నీ కూతురికి ఉద్యోగమొచ్చిందంటనే" అన్నాడు. నాయన నా వైపు చూడనైనా చూడకుండా "ఏదోలే, కాలేజీలో చెప్తాదంట. పర్వాలేదు" అన్నాడు. ఊరి మొత్తంలో అంత చదువు చదివిన మొదటి ఆడపిల్లను నేను. పొట్లం అక్కడే ఆయన చేతిలో పెట్టి ఇంటికి నడిచిపోయాను. ఆ రోజు ఎంత ఏడ్చానో నాకే తెలుసు. నాయన పోయి ఆరేళ్ళయింది. ఆ మాట మాత్రం పోలేదు. నా క్లాసులో పిల్లలు ఆ మూడు మాటలు అన్నప్పుడు అంత ఒళ్ళు మండటానికి అదీ కారణమే.

ఇక ఆ క్లాసులోనే ఇంకో అమ్మాయి ఉంది. గార్లదిన్నె దాటాక బస్సు దిగి ఇంకా నడవాల్సిన ఊరు వాళ్ళది. వాళ్ళకు ఐదెకరాల మెట్ట. హాజరు పిలిచినప్పుడల్లా "నేను ఏదో…" అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, నేను చెప్పకముందే తనే నిలబడి ఉండిపోయేది. పదిరోజులు అలాగే నిలబడింది. పదకొండో రోజు హాజరు పిలిస్తే కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో చెప్పింది. "అవతలోల్లకు అర్థమయ్యేదాకా చెప్తా మేడం. ఎన్నిసార్లయినా చెప్తా."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. అది వట్టిమాట కాదని అందరికీ తెలుసు కాబట్టి కొట్టారు. లెక్క అర్థం కానివాళ్ళు నా దగ్గరకు రారు, ఆ పిల్ల దగ్గరకు పోతారు. నేను రెండుసార్లు చెప్పాక గొంతు పెంచుతాను. ఆ పిల్ల ఆరోసారి కూడా మొదటిసారి చెప్పినట్టే చెప్తుంది. వాళ్ళ ఊళ్ళో బ్యాంకు నుంచి ఫోనుకు మెసేజ్ వచ్చినా, పంట బీమా కాగితం వచ్చినా జనం వాళ్ళింటి అరుగు మీదికే వస్తారట. నిజం చెప్పాలంటే పాఠం చెప్పే ఓపిక ఆ పిల్లను చూసే నేను ఈ వయసులో కాస్త నేర్చుకున్నాను. ఈ మాట ఆ పిల్లతో ఎప్పుడూ అనలేదు. క్లాసులో "ఊఁ, కూర్చో" అనడమే నా మెప్పు.

ఏప్రిల్లో పరీక్షలు అయిపోయిన వారానికి డ్రిప్పు పైపుల కంపెనీ ఒకటి కాలేజీకి వస్తామంది. పైపులు బిగించుకున్న రైతులు ఏదైనా ఇబ్బంది వస్తే ఫోన్ చేస్తారు, ఆ ఫోన్లు ఎత్తి మాట్లాడటానికి అనంతపురం ఆఫీసులో ఇద్దరు కావాలి. ఈ ఉద్యోగం ఆ పిల్ల కోసమే పుట్టిందని నాకనిపించింది. ఇంటర్వ్యూ ముందురోజు గదిలో నన్ను ఒంటరిగా కలిసింది.

"ఇది రాకుంటే ఆదివారం మా వాళ్ళతో బెంగుళూరు పోతాండా మేడం. ఈ ఏడు చెనిక్కాయ చేతికి రాలేదు గదా, నా పరీక్షల కోసమే ఇన్నాళ్ళు ఆగినారు. మా నాయనోల్లు ఇండ్లు కట్టే కట్టుబడి పనికి. నాకు మా పిన్నమ్మ గార్మెంట్సులో చెప్పిపెట్టిందాది."

"నీకిష్టమేనా?"

"ఆడ మిషను ముందర కూచుంటే పొద్దంతా ఎవరితోనూ మాట్లాడే పనుండదంట మేడం" అంది.

నాకు వాళ్ళింటి అరుగు గుర్తొచ్చింది. పైకి మాత్రం "ముందు ఆ జుట్టు సరిగ్గా దువ్వుకుని రా రేపు" అన్నాను.

ఇంటర్వ్యూ చేసినాయన కోస్తా మనిషి, నడివయసు, మాట మెత్తన. పొద్దున్నుంచి పన్నెండు మందిని చూశాడు. మధ్యాహ్నం టీ తాగడానికి స్టాఫ్ రూముకు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ముగ్గురి దగ్గర ఆగిపోయానండీ. ఇద్దరినే తీసుకోవాలి. ఆ పచ్చ చుడీదార్ అమ్మాయి ఎలాంటిదంటారు? రోజూ చూసేవారు మీరు. మీ మాట మీద వదిలేస్తాను."

ఆ పిల్ల సర్టిఫికెట్ల కవరు వెనక్కి తీసుకోవడానికి గుమ్మం బయట నిలబడి ఉంది. పచ్చ చున్నీ అంచు నాకు కనిపిస్తూనే ఉంది. నేను టీ గ్లాసు కింద పెట్టాను. ఎంత చెప్పాలని ఉందో! నోరు తెరిచాను.

"ఏదో… పర్వాలేదు సార్. కొంచెం కొంచెం నేర్చుకుంటుంది."

మూడు మాటలూ వచ్చాయి, ఒక్కటీ మిగల్లేదు. అన్నానని నాకే తెలియలేదు. పైగా లోపల ఎంత తృప్తి! దిష్టి తగలకుండా ఆ పిల్లను కొంగు చాటున పెట్టుకుని దాటించినంత తృప్తి. ఆయన తల ఊపి, టీ తాగేసి, కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు శుక్రవారం. నోటీసు బోర్డు మీద రెండు పేర్లు పెట్టారు. పచ్చ చుడీదార్ పేరు లేదు. నేను ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, తిన్నగా స్టాఫ్ రూముకు పోయి ఆయనకు ఫోన్ చేశాను. పలకరింపు కూడా లేదు.

"అంత మంచి పిల్లను ఎందుకు తీసుకోలేదు సార్?"

"అదేంటి మేడం" అన్నాడాయన. "మీరేగా పర్వాలేదన్నారు. రోజూ చూసేవారే అంతమాత్రంగా చెప్పాక నేనెలా తీసుకుంటాను?"

ముందురోజు నేనన్న మాట మొత్తం అప్పుడు నా చెవిన పడింది. నాలుగు నెలలు నలభై మందిని నిలబెట్టి తిట్టిన మనిషిని నేను. ఒక్కసారి, ఒక్క పిల్ల కోసం, నేను చెప్పాల్సి వచ్చినప్పుడు చెప్పలేకపోయాను. తల కొట్టేసినట్టయింది.

తర్వాత ఆపకుండా మాట్లాడాను. ఆరోసారి కూడా విసుక్కోకుండా చెప్తుందని చెప్పాను. అరుగు మీది బ్యాంకు మెసేజుల సంగతి చెప్పాను. ఇరవై రెండేళ్ళ నా ఉద్యోగంలో ఇలాంటి పిల్లను చూడలేదని చెప్పాను. ఇవన్నీ నిన్నే చెప్తే ఏం పోయేదండీ అన్నాడాయన. అప్పుడు మా చేల పద్ధతి కూడా చెప్పుకున్నాను, సిగ్గు విడిచి, కాలిపట్టీల సంగతితో సహా.

"పోయిన నెల ఒక రైతును పైపులు ఎలా ఉన్నాయని అడిగితే 'ఏదో వస్తాండాయిలే నీళ్ళు' అన్నాడండీ. పాడయ్యాయనుకుని మనిషిని పంపాం. వెళ్ళి చూస్తే చుక్క వృథా కాకుండా తడుస్తోందట చేను" అన్నాడు. నవ్వుతున్నాడని గొంతులో తెలిసింది. "రేపు పదింటికి మీ అమ్మాయిని ఆఫీసుకు రమ్మనండి. ఒక పూట ఫోన్లు ఎత్తనిచ్చి చూస్తాను. మాట ఇవ్వలేను గానీ చూస్తాను."

వాళ్ళింట్లో ఉన్నది ఒకటే ఫోను. ఎన్నిసార్లు చేసినా అది కలవలేదు. మధ్యాహ్నం క్లాసులు పక్కవాళ్ళకు అప్పజెప్పి బస్సెక్కాను. గార్లదిన్నె దాటి దిగి, ఎండలో కొంగు నెత్తిన వేసుకుని, దారి పొడుగునా నన్ను నేను తిట్టుకుంటూ నడిచాను.

వాళ్ళింటి ముందర మూటలు కట్టి ఉన్నాయి. వాళ్ళ నాయన వంటసామాను సంచికి తాడు బిగిస్తున్నాడు. నన్ను చూసి తాడు వదిలేసి లేచాడు. "రాండి మేడమ్మా, నీడకు రాండి." వాళ్ళమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. ఆ పిల్ల లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. మొహంలో కోపం లేదు. అది నాకు ఇంకా కష్టమనిపించింది.

నీళ్ళు తాగకుండానే చెప్పేశాను. "నీకు ఉద్యోగం రాకపోవడం నా తప్పమ్మా. ఆయన నన్ను అడిగినప్పుడు నీ గురించి నేను…"

"తెల్సు మేడం. నేను వాకిట్లోనే ఉన్న్యా గదా. విన్న్యా."

"విన్నావా? మరి నన్ను ఒక్క మాటైనా అడగలేదే?"

"ఏమడిగేది మేడం?" ఆ పిల్ల నిజంగానే ఆశ్చర్యపోయింది. "మా నాయన కూడా చేను శానా బాగుంటేనే అట్లంటాడు. బాగలేకుంటే ఊరంతా ఇనపడేట్ల తిడతాడు. మీరు అట్లన్న్యారంటే నేను మీకు అంత బాగ అనిపించినానని అనుకున్న్యా. దానికే మేడం, పేరు లేకున్నా నాకు ఏడుపు రాలేదు."

నాకు వచ్చింది. నలుగురి ముందర, చెంబు చేతిలో పెట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చాను. బస్సు దిగేచోట నిలబడ్డ నాయన కనిపించాడు. నా వైపు చూడని ఆ చూపు, చేతిలో స్వీట్ల పొట్లం, చుట్టూ నలుగురు మనుషులు. నిండుగా కాసిన చెట్టును ఆకుల కింద ఎలా దాచేవాడో నన్నూ అలాగే దాచాడు. పైర్ల విషయంలో ఆ పద్ధతి తెలిసిన దాన్ని, నా విషయంలో ఇరవై రెండేళ్ళు తెలుసుకోలేకపోయాను. నాయనా, ఎంత పిచ్చిదాన్ని నేను, అనుకున్నాను.

వాళ్ళు కంగారు పడ్డారు. కళ్ళు తుడుచుకుని రేపటి సంగతి చెప్పాను. ఊరుకోకుండా వాళ్ళ నాయనతో, "మీ అమ్మాయి బంగారమప్పా. ఇంత ఓపికగా చెప్పేవాళ్ళను నేనెక్కడా చూడలేదు" అన్నాను.

ఆయన తేలు కుట్టినట్టు ఉలిక్కిపడ్డాడు. "వద్దు మేడమ్మా, వద్దు. అట్ల పైకి అనాకండి" అంటూ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. వాళ్ళమ్మ గబగబా లోపలికి పోయి ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి ఆ పిల్లకు మూడుసార్లు దిగదుడిచి, ఏడ్చిన మొహంతో ఉన్నానని నాకూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. మిరపకాయల ఘాటుకు నలుగురం దగ్గాం. దగ్గుతూనే ఆ పిల్ల నవ్వింది.

శనివారం పొద్దున ఆ పిల్ల ఆఫీసుకు పోయింది. ఒక పూట చూస్తానన్నాయన సాయంత్రం దాకా కూర్చోబెట్టాడట. ఆదివారం వాళ్ళవాళ్ళు బస్సెక్కారు, ఆ పిల్ల ఎక్కలేదు. తనకల్లు అమ్మాయితో కలిసి అనంతపురంలో చిన్న గది తీసుకుంది. ఇద్దరే చాలనుకున్న ఆఫీసులో ఆయన మూడో కుర్చీ వేయించాడు, అది ఇప్పటికీ తనదే.

కొత్త పిల్లలు వచ్చారు. మూడు మాటలూ మళ్ళీ బోర్డు మీద రాశాను, మళ్ళీ కొట్టేశాను. ఇంటర్వ్యూ అంటే ఇంటర్వ్యూనే, అక్కడ మొహమాటం పనికిరాదు. ఈసారి మాత్రం ఒక మాట కలిపాను. "ఇంటికి పోయినాక ఈ మూడు మాటలూ అనుకోవచ్చు. మీ వాళ్ళు మిమ్మల్ని అట్ల అంటే బాధపడొద్దండి." వాళ్ళకేం అర్థమైందో తెలియదు.

జూన్‌లో తొలకరికి బెంగుళూరు పోయినవాళ్ళు తిరిగొచ్చారు. విత్తనం కోసం టౌనుకు వచ్చిన వాళ్ళ నాయన కాలేజీ గేటు దగ్గర నాకోసం నిలబడ్డాడు. మూడు రోజుల క్రితమే ఆ కంపెనీ ఆయన ఫోన్ చేసి, రైతులు ఫోన్ చేయగానే ఆ అమ్మాయికే ఇమ్మంటున్నారని చెప్పాడు. ఆ మాటంతా నా నాలుక చివరన ఉంది.

"మా పాప ఎట్లుండాది మేడమ్మా, ఉద్యోగంలో?" అని అడిగాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, పిల్లలు వస్తూపోతూ ఉన్నారు. నేను ఒకసారి ఆకాశం వైపు చూశాను. మబ్బు కమ్మి ఉంది.

"ఏదో ఉండాదిలే అన్నా" అన్నాను.

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. తర్వాత తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుని, "అయితే చాల్లే మేడమ్మా" అని నవ్వుకుంటూ విత్తనాల అంగడి వైపు నడిచాడు.